ఫిట్స్ మాత్రలు, నా ఎముకలు, మా అక్క స్కాన్

2022 శ్రావణమాసంలో బాత్రూమ్ గుమ్మం దగ్గర కాలు జారి పడ్డాను. పడ్డం అంటే మెట్ల మీంచి దొర్లిపోవడం లాంటిదేం కాదు, నిలబడ్డచోటే కూలబడ్డాను, పూర్తిగా పడిపోకుండా కుడిచెయ్యి నేలకి ఆన్చేను, అంతే. మణికట్టు దగ్గర విరిగిపోయింది. నాకు అప్పటికి 35 ఏళ్ళు. గాజువాకలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను, శ్రావణమాసం అంటే మాకు ఏడాది మొత్తమ్మీద చేతినిండా పని ఉండే నెల, ఆ రోజుకి కుట్టాల్సినవి 40 దాకా ఉన్నాయి, కత్తెర పట్టుకునే చెయ్యే విరిగింది. కొన్ని వెనక్కి ఇచ్చేసేను, కొన్ని మా వీధి చివర కుట్టే ఇంకో ఆవిడకి పంపించేను.

దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీసి, ఎముక సరిచేసి కట్టు వేసేరు, ఆరు వారాలన్నారు. ఎలా పడ్డావమ్మా అని అడిగేరు, షుగర్ ఉందా బీపీ ఉందా అని అడిగేరు. వేరే ఏమైనా మాత్రలు వాడుతున్నావా అని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు. ఫిట్స్ మాత్రలకీ చెయ్యి విరగడానికీ సంబంధం ఏముంటుంది, పైగా ఫిట్స్ ఉన్నాయని పైకి చెప్పుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు. ఈ రెండూ కలిసి నాకు ఎంత నష్టం చేసేయో తర్వాత తెలిసింది, అందుకే ఇది రాస్తున్నాను.

మాది చోడవరం దగ్గర ఊరు. 2003లో ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నప్పుడు క్లాసులోనే మొదటిసారి ఫిట్స్ వచ్చేయి. చేతిలో తాళాలగుత్తి పెట్టేరట, ఉల్లిపాయ వాసన చూపించేరట, నాకేం తెలీదు, లేచేసరికి నాలుక కరుచుకుని రక్తం, చుట్టూ జనం. మా అమ్మ అయితే పిల్లకి పెళ్ళెలాగే అని ఏడుపు. (మూర్ఛ ఉంటే పెళ్ళి చెల్లదు అనే మాట హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేసేరు, కానీ ఆ సంగతి మా ఊళ్ళో ఎవరికి తెలుసు.) మా నాన్న మాత్రం ఎవరి మాటా వినకుండా తెల్లారగట్ల బస్సెక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకొచ్చేరు, అదే కేజీహెచ్. అక్కడే ఫెనిటాయిన్ మొదలెట్టేరు, రాత్రిపూట మూడు మాత్రలు.

ఆ మాత్ర గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. నన్ను మనిషిగా నిలబెట్టింది అదే. మొదటి రెండేళ్ళు అడపాదడపా వచ్చేవి, తర్వాత తగ్గిపోయేయి, చివరిసారి వచ్చింది 2014లో. చదువు పూర్తయింది, మిషన్ నేర్చుకున్నాను, ఫిట్స్ సంగతి ముందే చెప్పి పెళ్ళి చేసేరు, పాప పుట్టింది. చవక మందు, ఎక్కడైనా దొరుకుతుంది. దానివల్ల చిగుళ్ళు ఉబ్బుతాయని పళ్ళ డాక్టర్ చెప్పేరు, నాకు ముందు పళ్ళ మీదకి చిగురు సగం దాకా వచ్చేసింది, నోరు తెరిచి నవ్వడం మానేసేను. అదొక్కటే దాని చెడు అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నిజానికి ఇంకో చెడు కూడా కనపడుతూనే ఉంది, నాకు అర్థం కాలేదు. 2020 నుంచీ అనుకుంటా, తొడలు ఒకటే లాగుడు, నడుం నొప్పి. గుడ్డ నేలమీద పరిచి కత్తిరిస్తాను కదా, కత్తిరించడం అయ్యేక లేవాలంటే ముందు ఒక చెయ్యి నేలకి ఊనాలి, తర్వాత మోకాలి మీద చెయ్యి పెట్టుకోవాలి, తర్వాత గోడ పట్టుకోవాలి, ఇన్ని చేస్తే గానీ లేవలేకపోయేదాన్ని. మేడ మెట్లు ఎక్కాలంటే రెయిలింగ్ పట్టుకుని ఒళ్ళంతా లాక్కోవాలి. మిషన్ తొక్కి తొక్కి అలా అయిందని నేనూ, నెయ్యి తినదు అందుకే అని మా అత్తగారూ, అలా సరిపెట్టేసుకున్నాం.

కట్టు విప్పేక మా అక్క చూడ్డానికి వచ్చింది, కూడా వాళ్ళ అమ్మాయి వచ్చింది. ఆ పిల్ల ఫార్మ్‌డీ, అంటే మందుల గురించిన చదువు, చదువుతోంది. మాత్రల డబ్బా తీసి చూసి, "పిన్నీ, ఇది ఎన్నేళ్ళ నుంచి వేసుకుంటున్నావ్?" అంది. పంతొమ్మిదేళ్ళు అన్నాను. "ఎముకల టెస్ట్ ఎప్పుడైనా చేసేరా, విటమిన్ డి చూసేరా?" అంది. ఎవరూ చెయ్యలేదు అన్నాను. ఆ పిల్ల మొహం మారిపోయింది.

తను నాకు చెప్పిన పద్ధతి నాకు బాగా ఎక్కింది, అలాగే రాస్తాను. ఫెనిటాయిన్ లోపలికి వెళ్తే దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే పని కాలేయానిది. రోజూ వస్తుంటే కాలేయం ఆ పనికి ఎంజైములని ఎక్కువ తయారుచేసుకుంటుంది, పనివాళ్ళని పెంచుకున్నట్టు. ఆ పనివాళ్ళు ఈ మాత్రతో ఆగరు, ఒంట్లో ఉన్న విటమిన్ డిని కూడా పనికిరాకుండా చేసి పారేస్తారు. విటమిన్ డి తగ్గితే తిన్న తిండిలో క్యాల్షియం పేగుల్లోంచి ఒంటికి సరిగ్గా పట్టదు. రక్తంలో క్యాల్షియం తగ్గితే గుండెకీ నరాలకీ ప్రమాదం కదా, అందుకని మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి క్యాల్షియం లాగి రక్తంలోకి తెస్తాయి. అలా ఏళ్ళ తరబడి ఇంటి గోడలోంచి ఇటుకలు పీకినట్టే. ఫినోబార్బిటాల్, కార్బమజిపైన్ కూడా కాలేయంతో ఇలాగే చేయిస్తాయట. వాల్‌ప్రోయేట్ ఇలా ఎంజైములు పెంచదు గానీ దానివల్ల కూడా ఎముక పలచబడడం చూసేరట. ఫిట్స్ వచ్చి పడినప్పుడు విరిగేవి ఎలాగూ ఉంటాయి, దానికి ఇది తోడు.

ఇదేమైనా కొత్తగా కనిపెట్టిందా అని అడిగేను. కాదట. మూర్ఛకి ఫెనిటాయిన్ పనిచేస్తుందని అమెరికాలో మెరిట్, పట్నం అనే డాక్టర్లు చూపించింది 1938లో. ఈ మందులు వాడేవాళ్ళలో ఎముకలు మెత్తబడుతున్నాయని జర్మనీ నుంచి 1960ల చివర్లోనే రాసేరట, 1970లో లండన్‌లో డెంట్ అనే డాక్టర్ గారూ ఆయనతోటి వాళ్ళూ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అదే రాసేరు. బ్రిటన్‌లో మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ అయితే 2009లో ఈ మందులు చాలాకాలం వాడేవాళ్ళకి అవసరాన్ని బట్టి విటమిన్ డి ఇవ్వడం ఆలోచించండి అని డాక్టర్లందరికీ చెప్పింది. నేను పుట్టకముందే తెలిసిన సంగతి, నాకు 2003లో మాత్ర రాసినప్పుడు గానీ తర్వాత ఏ ఏడాది గానీ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు. చీటీ రాసిన వాళ్ళ మీద కోపం కాదు, ఒక్కో ఓపీలో వందల మందిని చూసేవాళ్ళు, ఫిట్స్ ఆగేయా లేదా అదే చూస్తారు. కానీ బాధ మాత్రం ఉంది, ఇప్పటికీ ఉంది.

మా అక్క కూతురు ఇంకో రెండు పరిశోధనలు చదివి వినిపించింది. న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో ఆలిసన్ పాక్ అని ఒక న్యూరాలజిస్టు ఉన్నారు, ఆవిడ ఇదే విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేసేరు. ముట్టు ఆగని వయసు ఆడవాళ్ళు, ఒక్కొక్కరూ ఒకే ఫిట్స్ మందు వాడేవాళ్ళు, వాళ్ళ ఎముకలు ఏడాది తేడాతో కొలిచేరు. ఫెనిటాయిన్ వాడేవాళ్ళకి ఆ ఒక్క ఏడాదిలోనే తుంటి ఎముక మెడ దగ్గర సాంద్రత 2.6 శాతం తగ్గిందని 2008లో రాసేరు. ఏడాదికే అంత అయితే నా పంతొమ్మిదేళ్ళ సంగతేంటి అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అన్నేళ్ళూ అదే లెక్కన తగ్గుతుందని కాదు పిన్నీ అని ఆ పిల్ల తర్వాత సర్దిచెప్పింది.

రెండోది ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో చేసింది, 2005లో వచ్చింది. అది వినగానే నేనూ మా అక్కా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. కవలల్నీ, వయసు దగ్గరగా ఉన్న తోబుట్టువుల్నీ జంటలుగా తీసుకున్నారట, జంటలో ఒకళ్ళు ఫిట్స్ మందులు వాడతారు, రెండోవాళ్ళు వాడరు. ఒకే అమ్మ కడుపున పుట్టి ఒకే తిండి తిని పెరిగినవాళ్ళు కాబట్టి తేడా వస్తే మందు వైపు, జబ్బు వైపు వేలు చూపించొచ్చు. రెండేళ్ళు దాటి వాడినవాళ్ళలో, 40 ఏళ్ళు దాటినవాళ్ళలో తేడా బాగా కనపడిందట. మా అక్క నాకన్నా రెండేళ్ళు పెద్దది. "అయితే నీకు తీసినప్పుడు నేనూ తీయించుకుంటానే" అంది అక్కడికక్కడే.

ముందు రక్తపరీక్షలు చేయించేం. నా విటమిన్ డి 9 వచ్చింది, 20 కంటే తక్కువుంటేనే లోపం అంటారు. క్యాల్షియం అంచు మీద ఉంది, ఆల్కలైన్ ఫాస్ఫటేస్ (ఎముకలు మెత్తబడితే రక్తంలో పెరిగే ఎంజైము) ఎక్కువ, పారాథైరాయిడ్ హార్మోన్ ఎక్కువ. విశాఖపట్నంలో ఎండకి కొదవా అని మావారు అన్నారు, నిజమే, కానీ నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషన్ ముందు ట్యూబ్‌లైట్ కింద కూర్చుంటాను, బయటికి వెళ్తే ఒంటి నిండా బట్ట, ఎండ తగిలేది ఎప్పుడు.

తర్వాత డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రత కొలిచే స్కాన్. దాని ఖరీదు రెండు వేలు దాటింది, ఇద్దరికి రెట్టింపు, మా అక్క తన డబ్బులు తనే పెట్టుకుంది. భయపడాల్సిందేమీ లేదు, ఇంజెక్షన్ లేదు, సొరంగంలోకి పంపరు. బల్లమీద వెల్లకిలా పడుకోమన్నారు, మెళ్ళో గొలుసు, నడుం దగ్గర పిన్నీసు తీసేయమన్నారు. కాళ్ళ కింద చదరంగా ఉన్న ఫోమ్ దిమ్మ పెట్టి మోకాళ్ళు మడిచి దానిమీద పెట్టేరు, అప్పుడు నడుం బల్లకి ఆనుకుంటుంది. పైన ఒక చెయ్యిలాంటిది గుయ్యిమంటూ నెమ్మదిగా పొట్టమీంచి జరిగింది. తర్వాత కాలు కొంచెం లోపలికి తిప్పి పట్టీతో కట్టి తుంటికి తీసేరు. పావుగంటలో అయిపోయింది. మామూలు ఎక్స్‌రే కంటే కూడా కిరణాలు తక్కువే అని ఆ టెక్నీషియన్ అమ్మాయి చెప్పింది.

రిపోర్టులు రెండూ ఇంటికి తెచ్చి మిషన్ బల్లమీద పక్కపక్కన పెట్టేం. ఒక్కో కాగితం మీద వెన్నెముక బొమ్మ, పక్కన రంగుల పట్టీల గ్రాఫ్, పైన పచ్చ, మధ్యలో పసుపు, కింద ఎరుపు, అందులో మన వయసు దగ్గర చిన్న గుర్తు. మా అక్క గుర్తు పచ్చలో ఉంది. నాది పసుపు దాటి ఎరుపు అంచుకి దిగిపోయింది. టీ స్కోర్ (T), జెడ్ స్కోర్ (Z) అని రెండు అంకెలు ఉంటాయి. టీ స్కోర్ అంటే ముప్ఫై ఏళ్ళ లోపు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళతో పోల్చడం, మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం, అంటారు, కానీ అది ముట్టు ఆగిపోయిన ఆడవాళ్ళకి చూసే లెక్క. నా వయసువాళ్ళకి జెడ్ స్కోర్ చూడాలి, అంటే మన వయసువాళ్ళతోనే పోల్చడం, మైనస్ 2 గానీ ఇంకా కిందకి గానీ ఉంటే ఆ వయసుకి ఉండాల్సినదానికన్నా తక్కువ అని అర్థం. నాకు నడుం దగ్గర మైనస్ 2.4, తుంటి దగ్గర మైనస్ 2.1. మా అక్కకి రెండూ సున్నాకి అటూఇటూ.

మా అక్క ఆ కాగితాల మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నాం, ఒకళ్ళ గౌన్లు ఒకళ్ళం వేసుకున్నాం. ఇద్దరిని చూసి ఏదీ తేల్చెయ్యకూడదమ్మా, తిరుగుడు తేడా ఉంటుంది, కాన్పుల తేడా ఉంటుంది, అందుకే వాళ్ళు అన్ని జంటల్ని చూసేరు అని పిల్ల చెప్తూనే ఉంది. అది సరైన మాటే. కానీ నాకు మాత్రం ఆ రెండు కాగితాలు చూసేకే నమ్మకం కుదిరింది.

ఆ కోపంలో ఆ రాత్రి మాత్రలు వేసుకోకూడదనుకున్నాను. ఇదొక్కటి మాత్రం ఇది చదివేవాళ్ళు గట్టిగా పట్టుకోవాలి, ఎముకల సంగతి తెలిసిందని ఫిట్స్ మాత్ర ఎవరూ సొంతంగా ఆపకూడదు, ఒక్కరోజు కూడా. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఒకదానిమీద ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం మీదకి రావొచ్చు. మావారు నీళ్ళ గ్లాసు పట్టుకుని నేను మింగేదాకా నా ఎదురుగానే కూర్చున్నారు.

కేజీహెచ్‌లో న్యూరాలజీ ఓపీకి అన్ని రిపోర్టులూ పట్టుకుని వెళ్ళేను. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకుని కూర్చుంటే మధ్యాహ్నం అయింది, కానీ ఆ డాక్టర్ మేడమ్ రిపోర్టులన్నీ పేజీ పేజీ తిప్పి చూసేరు. ముందు గుంటలు పూడ్చాలి, అంటే విటమిన్ డి, క్యాల్షియం, తర్వాత మాత్ర మార్చడం గురించి చూద్దాం అన్నారు. వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్, ఎనిమిది వారాలు, తర్వాత నెలకొకటి. ఈ మందులు వాడేవాళ్ళకి మామూలువాళ్ళకన్నా ఎక్కువ పడుతుంది, అందుకే మధ్యలో మళ్ళీ కొలిచేరు. ఆ పొడిని పాలల్లో కలుపుకుని తిండి తిన్నాక తాగమన్నారు, కొవ్వు ఉంటేనే అది ఒంటికి పడుతుందట. క్యాల్షియం మాత్ర ఫెనిటాయిన్‌తో కలిపి వేసుకోవద్దు, రెండు మూడు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే ఫెనిటాయిన్ సరిగ్గా పట్టదు, ఫిట్స్ రావొచ్చు అన్నారు. విరిగినప్పుడు ప్రైవేటు ఆసుపత్రిలో ఇచ్చిన క్యాల్షియం నేను రాత్రి మాత్రలతో కలిపే మింగేదాన్ని. అన్ని వారాలు ఏమీ జరక్కపోవడం నా అదృష్టం.

ఎముకలు గట్టిపడే మందులు వేరే ఉన్నాయి కదా అని అడిగితే, నీ వయసుకి, ఇంకా పిల్లలు పుట్టే అవకాశం ఉన్నప్పుడు వాటితో మొదలెట్టం, ముందు డి పెరగనీ అన్నారు.

మాత్ర మార్చడం మొత్తం ఇందులో కష్టమైన భాగం. ఫెనిటాయిన్ నుంచి లెవెటిరాసిటామ్‌కి. ఇది కాలేయంలో ఆ ఎంజైములు పెంచదు. ముందు కొత్తది కొంచెం కొంచెంగా ఎక్కించి, అది కుదురుకున్నాక పాతది మెల్లగా దించుకుంటూ రావాలి, మొత్తం నాలుగు నెలలు పట్టింది. పాతది ఒక మెట్టు దించిన ప్రతిసారీ మొదటి వారం రోజులు నిద్ర ఉండేది కాదు, ఎనిమిదేళ్ళుగా రానిది ఇప్పుడు వస్తుందేమో, పాప ముందు వస్తుందేమో. మావారు లైటు వేసుకునే పడుకునేవారు, నేను పక్కకి తిరిగినా లేచి కూర్చునేవారు. పొయ్యి దగ్గర ఒక్కదాన్నే ఉండనిచ్చేవారు కాదు మా అత్తగారు. ఒక్కసారి కూడా రాలేదు.

ఫిట్స్ రాలేదు గానీ కోపం వచ్చింది. ఈ కొత్త మాత్రతో చిరాకు రావొచ్చని మేడమ్ ముందే చెప్పేరు, చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే నాకు మతి చలించిందనుకునేదాన్ని. రెండు నెలలు పాప మీద అరిచేను, పదిహేనేళ్ళ నుంచి నా దగ్గరే కుట్టించుకునే ఆవిడ మీద చంక దగ్గర కొలత విషయంలో అరిచేను, ఆవిడ వెళ్ళేక కూర్చుని ఏడ్చేను. మేడమ్‌కి చెప్తే డోసు ఒక మెట్టు తగ్గించి చూసేరు, అప్పట్నుంచి నెమ్మదించింది. ఇలా అందరికీ అవ్వదు. అయితే మాత్రం దాచుకోకుండా చెప్పాలి.

తిండి కూడా మార్చేం. మా అమ్మ ఊర్నించి చోడిపిండి (రాగిపిండి) పంపింది, 100 గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాముల దాకా క్యాల్షియం ఉంటుంది, పెద్దవాళ్ళకి రోజుకి 1000 కావాలి. పొద్దున్న చోడి అంబలిలో మజ్జిగ కలుపుకుని తాగుతాను, వారానికి రెండుసార్లు నెత్తళ్ళు (చిన్న చేపలు) ముల్లుతో సహా నమిలేస్తాను. పట్నం వచ్చేక చోడి అంబలి పేదవాళ్ళ తిండి అని మానేసింది మేమే. పదిన్నరకి మేడమీద జబ్బలు బయటపెట్టుకుని పావుగంట, ఇరవై నిమిషాలు కాజాలు కుట్టుకుంటాను. బాత్రూమ్‌లో రబ్బరు పట్టా వేయించేం, గోడకి పట్టుకునే కడ్డీ కొట్టించేం. ఆ మెల్‌బోర్న్ వాళ్ళే 2010లో తోబుట్టువుల జంటల్లో నిలకడ కూడా కొలిచేరట, ఈ మందులు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి ఒళ్ళు తూలడం ఎక్కువని తేలింది. అంటే ఎముక పలచబడ్డం ఒకటి, పడిపోవడం ఇంకొకటి, రెండూ చూసుకోవాలి.

అయిదో నెలలో అనుకుంటా, తొడల లాగుడు పోయిందని గమనించేను. ఒకరోజు లంగా గుడ్డ కత్తిరించి లేచి నిలబడి టేపు మెళ్ళో వేసుకున్నాక గుర్తొచ్చింది, గోడ పట్టుకోలేదు. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచి చూసుకున్నాను. చిగుళ్ళు కూడా కొంత వెనక్కి తగ్గేయి, మిగతాది పళ్ళ డాక్టర్ కోసి సరిచేసేరు.

2024 సెప్టెంబర్‌లో రెండో డెక్సా తీసేరు. విటమిన్ డి 34. నడుం దగ్గర మైనస్ 2.4 కాస్తా మైనస్ 1.8 అయింది. తుంటి దాదాపు అక్కడే ఉంది, మైనస్ 2.0. నాకు నిరాశగానే అనిపించింది, మేడమ్ మాత్రం తుంటి ఎముక నెమ్మదిగా కదులుతుంది, దిగకుండా ఆగింది అది చూడు అన్నారు.

ఇంటికొచ్చి పాత చీటీల సంచీ దింపి మా అక్క కూతురికి ఇచ్చేను, తనకి చూడాలనుందట. 2003 నుంచి ఉన్నవన్నీ దాచేను, కొన్ని పసుపెక్కిపోయేయి, ఇద్దరం నేలమీద పరుచుకుని వరసగా పెట్టేం. ఎన్ని చేతిరాతలో, అన్నిట్లోనూ అదే మందు, అవే మూడు మాత్రలు, పక్కన ఫిట్స్ లేవు అని. ఎముక అనే మాట మొదటిసారి కనపడింది 2022 చీటీలో. అన్నిటికన్నా పైన కొత్తది పెట్టేం, అందులో మేడమ్ కింద గీత గీసి రాసేరు, డెక్సా, నడుము, తుంటి, 2026 సెప్టెంబర్.